వాగు అవతలి పల్లె

శనివారం, ఇచ్చోడ

పక్కింటి రషీదా మనవడికి సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. దవాఖానలో రక్తం మైక్రోస్కోప్ కింద చూసి మలేరియా అన్నారు. నిన్న మా మనవరాలు స్రవంతి, తన ల్యాబ్ వాళ్లు తయారుచేసి పల్లెల్లో పనితీరు చూస్తున్న కొత్త కిట్‌తో వాడికి పరీక్ష చేసి, మలేరియా లేదంది.

"నీ మనవరాలు లేదన్నది గదా అక్కా, అందుకే నిన్ననే తీస్కపోలే," అంది రషీదా.

ఇంటికొచ్చి, కిట్ల పెట్టె ఎక్కడ పెట్టావని స్రవంతిని అడిగాను. మొన్నటినుంచీ కారులోనేనట, ఎండలో.

"కిట్ మంచిదే బాపమ్మా, ఎండకు ఖరాబైంది. గీ ముచ్చట రిపోర్టుల రాస్తే, మన దేశంల చేసినయి గింతే అంటరు. మా కష్టమంతా పోతది."

"ఎండ లేని ఊరు మనకు ఏడున్నదే? ఎండకు ఆగకుంటే ఎవలకోసం చేసినవ్? ఉన్నదున్నట్టు రాయి. గా పెట్టెతోని ఇంకెవలకు లేదని చెప్పినవ్?"

"బోథ్ దిక్కు మూడు పల్లెలల్ల."

కిట్‌తో సరిపోల్చడానికి పంపిన రక్తపు స్లైడ్ల ఫలితం ఆదిలాబాద్ నుంచి వచ్చేదాకా ఏమీ చెప్పకూడదని దానికి తెలుసు. జ్వరంతో ఉన్నవాళ్లు అడుగుతుంటే ఆగలేకపోయిందట. దాన్ని ఓదార్చలేదు, ఫోన్ చేతికిచ్చాను.

రెండు పల్లెల ఆశా కార్యకర్తలకు చెప్పగలిగాం. మూడోది వాగు అవతల. ఎగువన పడ్డ వానకు ఈ రోజు వాగు పొంగింది, నీళ్లు తగ్గేదాకా కారు పోదు. ఫోన్ కలవడం లేదు. స్రవంతి వరండాలో ఇంకా ప్రయత్నిస్తూనే ఉంది. అక్కడివాళ్లు మలేరియా లేదన్న ధైర్యంతో నిద్రపోతూ ఉంటారు.