పొద్దున సూపు, సాయంత్రం వేపుడు

వేపుళ్ళ తమ్ముడికి సూపక్క ఆశీస్సులు.

మార్కెట్ ఆఫీసు వాళ్ళు మనిద్దరికీ ఒకే కొట్టు ఇచ్చి నెలైంది. పొద్దున నేను, సాయంత్రం నువ్వు. ఒకే పొయ్యి, అయినా ఎన్నడూ కలుసుకోలేదు. నా సూపుకి వచ్చేవాళ్ళు తగ్గిపోతున్నారు తమ్ముడూ. ఇలాగే సాగితే పొద్దుటి పూట ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆఫీసు వాళ్ళు అంటున్నారు. నాకు భయంగా ఉంది. ఇవాళ్టి నుంచి ఉప్పుడబ్బా పక్కన గిన్నెడు సూపు ఉంచుతాను. తాగి, ఎలా ఉందో మొహమాటం లేకుండా రాయి.

సూపక్క

తా.క.: వేడి చేసుకుని తాగు. చల్లారిన సూపు తాగి నన్ను అంచనా వెయ్యకు.

*

అక్కయ్యగారికి నమస్కారాలు.

సూపు అమృతం! ఉప్పు అతికినట్టు సరిపోయింది. నాలుగు రోజులుగా చుక్క మిగల్చలేదు. రానివాళ్ళదే దురదృష్టం.

మీ వేపుళ్ళ తమ్ముడు

తా.క.: మన సింకు గొట్టంలో రోజూ క్యారెట్ ముక్కలు అడ్డం పడుతున్నాయి. కాస్త చూసుకుని కడగండి.

*

తమ్ముడికి,

నువ్వంత ఖాయంగా చెప్పాక తప్పు సూపుది కాదని తేలిపోయింది. అయితే నీ నూనె వాసనదే! పొద్దున వచ్చేసరికి గోడలు కూడా వేపుడు వాసన కొడుతున్నాయి. నిన్న ఇద్దరు ఒక్క గుటక తాగి, గిన్నెలు వదిలేసి లేచిపోయారు. నాకు ఏడుపొచ్చింది. కొట్టు మధ్యలో సుద్దతో గీత గీశాను. ఇవతలి వైపు నీ మూకుడు కనిపించకూడదు.

సూపక్క

తా.క.: పొయ్యి సరిగ్గా గీత మీదికి వచ్చింది. దాని సంగతి ఇంకా ఆలోచించలేదు.

*

అక్కయ్యగారికి,

నా నూనె రోజూ కొత్తది. నా మూకుణ్ణి అంటే నన్ను అన్నట్టే. పెద్దవారని ఊరుకుంటున్నాను. ఇవాళ మీ సూపు నిజంగానే తాగాను. ఒట్టు, చాలా బాగుంది. ఉప్పు కూడా సరిపోయింది.

తమ్ముడు

తా.క.: గీతకి నా వైపున్న సగం పొయ్యే నాది కాబట్టి, నా వేపుళ్ళు ఒక పక్కే వేగుతున్నాయి.

*

తమ్ముడూ,

"ఇవాళ నిజంగానే తాగాను" అన్నావు చూడు, అక్కడ దొరికిపోయావు. నిన్న సింకు గొట్టం నేనే విప్పి కడిగాను. క్యారెట్లే కాదు, నా సూపంతా అందులోనే ఉంది. అందుకే గిన్నెలో సూపు పొయ్యలేదు. చిటికెడు పసుపు వేసి కుళాయి నీళ్ళు కాచి పెట్టాను. దానికీ ఒట్టేశావు!

తిట్టిపోద్దామని కూర్చున్నాను గానీ చేతకాలేదు. రోజంతా నూనె పొగలో నిలబడేవాడికి సూపేం సయిస్తుంది? నన్ను నొప్పించడం ఇష్టంలేక బాగుందన్నావు. అసలు దాచింది నేను. జ్వరం తగ్గినప్పటి నుంచి నా నాలుకకి రుచి తెలియడం లేదు. ఉప్పు వేశానో, రెండుసార్లు వేశానో కూడా తెలియదు. చెప్పుకోవడానికి సిగ్గేసి, నీ నాలుకని నమ్ముకుని వండాను.

గీత చెరిపేశాను. రేపు తెల్లారేసరికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని తాగు.

సూపక్క

తా.క.: ఎలా ఉందో నువ్వేం చెప్పొద్దు. నీ మొహం చూసి ఉప్పు వేసుకుంటాను.