పది రోజులు బ్లాక్ ముట్టుకోను

3వ తేదీ, ఉదయం 8:00
కొత్త డైరీ. కొత్త నేను. తీర్మానం: ఈ ఇంజన్ బ్లాక్ విషయంలో తొందరపడను. ఒట్టు.

నాన్న అక్కావాళ్ళింటికి వెళ్తూ షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్లుగా బోరింగ్ మిషన్ మీద సిలిండర్లు కోస్తున్న మనిషి. పన్నెండేళ్లుగా నాచేత దాని చుట్టూ ఊడిపిస్తున్న మనిషి కూడా ఆయనే. ఆఖరి కోత మాత్రం ఒక్కసారీ నన్ను కొయ్యనివ్వలేదు. "నీ చెయ్యి మంచిదే అమ్మడూ, ఓపికే సున్నా" అంటాడు. ఈసారి మాటిచ్చాడు. నేను ఫిల్లర్ పోసి బుద్ధిగా పది రోజులు ఆగితే, నాలుగు సిలిండర్లలో చివరి రెండూ నావే.

పని ఇది. రేసు కారు బ్లాక్, గోడలు పలచన. లోపల నీళ్లు తిరిగే ఖాళీల్లో సగం దాకా ఫిల్లర్ పొయ్యాలి. ఇనప్పొడి కలిపిన సిమెంటు లాంటిదే. అది గట్టిపడ్డాక సిలిండర్లు వెడల్పు చేసి, స్లీవులనే కొత్త గొట్టాలు దించి, సైజుకి కొయ్యాలి. ఆగడమేగా. గోడకి కూడా వచ్చిన విద్యే.

5వ తేదీ
తుప్పు. ఖాళీల నిండా తుప్పే. తొందరపడకుండా గీకుతున్నా. నాన్న ఫోన్: "మొదలెట్టావా?" "ఆ." అబద్ధం కాదు.

8వ తేదీ, 11:00
ఐదు రోజుల గీకుడు తర్వాత పోశాను! సుద్దముక్కతో బ్లాక్ మీద తేదీ రాశాను: 8. మా షెడ్డులో చట్టం అదే. నాన్న ఎవరినీ ఏమీ అడగడు, ఆ అంకె చూసే చెయ్యి వేస్తాడు. అంటే 18 దాకా నేను మునిని.

11:40 – చూశాను. మెత్తగా ఉంది.
1:15 – చూశాను. ఇది పలకరింపు, ముట్టుకోవడం కిందకి రాదు.

9వ తేదీ
స్క్రూడ్రైవర్‌తో గుచ్చాను. ముట్టుకున్నది స్క్రూడ్రైవర్. నేను కాదు.

10వ తేదీ
అమ్మ ఇల్లంతా వెతుకుతోంది హెయిర్ డ్రయ్యర్ కోసం. బ్లాక్ దగ్గరుంది. వేడిగా ఉంది. అమ్మా, అదీ ఇద్దరూ వేడిగానే ఉన్నారు.

11వ తేదీ
రేసు కారాయన మూడుసార్లు ఫోన్ చేశాడు. పందెం ముప్పయ్యో తేదీట. పాపం ఆయన కంగారు చూస్తే జాలేసింది. నా కోసమైతే ఎన్నాళ్లైనా ఆగేదాన్ని.

12వ తేదీ, సాయంత్రం
నాన్న వచ్చేశాడు. రేపు షెడ్డుకి వస్తాడు. బ్లాక్ పైన రాయిలా ఉంది. లోపల ఎలా ఉందో ఎవరు చూడొచ్చారు.

13వ తేదీ, ఉదయం 7:50
8లో ఎడమ పక్క బొటనవేలితో తుడిస్తే 3 అవుతుంది. ఊరికే రాసుకుంటున్నా.

8:30
నాన్న అంకె చూశాడు. వేళ్లు లెక్కపెట్టాడు. "పది రోజులు ఆగావా! నువ్వేనా?" అని నా తల నిమిరాడు. తల వంచుకున్నాను. వినయం అనుకున్నాడు.

సాయంత్రం 5:00
మొదటి రెండు సిలిండర్లకీ స్లీవులు దించి సైజుకి కోశాడు. కొలిచే గేజీ పెడితే ముల్లు కదల్లేదు. గోడలు అద్దంలా ఉన్నాయి, చూసుకుని తల దువ్వుకోవచ్చు. రేపు నా వంతు.

14వ తేదీ, 8:30
రాత్రికి రాత్రే రెండూ కోలగా మారాయి. వెంట్రుకలో సగం తేడా, రేసు ఇంజన్‌కి అది చాలు చావడానికి. నాన్న నాలుగుసార్లు కొలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొలిచాడు. నాకు తెలుసు. లోపలి ఫిల్లర్ ఇంకా గట్టిపడుతోంది, గోడల్ని తనతో పాటు జరుపుతోంది.

10:00
నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. "కళ్లు పోయాయో, చెయ్యి పోయిందో. ఇక నాలుగూ నువ్వే కొయ్యి అమ్మడూ. మిషన్ నీదే." గేజీ నా చేతిలో పెట్టి ఇంటికెళ్లిపోయాడు.

2:00
పన్నెండేళ్లుగా కోరుకున్నది దొరికింది. ఎప్పటికైనా ఆయన మానెయ్యాల్సిందేగా. రేపైనా ఈ మాట అనేవాడేగా. ఫిల్లర్ కంపెనీ వాడు తక్కువరకం అమ్మి ఉండొచ్చుగా.

నాన్న అన్నం తినలేదట. తన చేతులు తనే చూసుకుంటూ కూర్చున్నాడని అమ్మ ఫోన్ చేసింది. ఛీ. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

రాత్రి 7:00
నాలుగింటికి ఇంటికెళ్లి చెప్పేశాను. ఎనిమిదిన పోశాననీ, అంకె చెరిపింది నేనేననీ, ఐదు రోజులకే కోయించాననీ.

నాన్న తన చేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

"అయితే నా చెయ్యి బాగానే ఉందా?"

"నిక్షేపంలా ఉంది నాన్నా."

అప్పుడు మొదలెట్టాడు. ఆరింటిదాకా తిట్టాడు. మధ్యలో అన్నం పెట్టించుకుని తిన్నాడు, పెరుగన్నం దగ్గర మళ్లీ అందుకున్నాడు. నా రెండు సిలిండర్లూ గోవిందా. జన్మలో తిట్లు ఇంత హాయిగా ఎప్పుడూ తినలేదు.

15వ తేదీ, ఉదయం 8:00
తీర్మానం, మళ్లీ మొదటి నుంచి. పద్దెనిమిది దాకా ఫిల్లర్ గడువు. నా ఘనకార్యానికి నాన్న ఇంకో వారం కలిపాడు. ఇరవై ఐదు దాకా బ్లాక్ ముట్టుకోను. ఆ తర్వాత పాడైన స్లీవులు తీసి, కొత్తవి దించి, నాలుగూ ఆయనే కోస్తాడు. నేను ఊడుస్తాను. ఒట్టు.

8:20
ఒక్కసారి దూరం నుంచి చూసొద్దామని షెడ్డుకి వెళ్లాను. నాన్న అప్పటికే అక్కడున్నాడు, ఫిల్లర్ మీద వేలితో నొక్కి చూస్తూ. నన్ను చూసి చెయ్యి తీసేశాడు. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.