గేటు దగ్గరి గొంతు

కొత్తవలస,
16 నవంబరు 2025, ఆదివారం.

ప్రియమైన అన్నయ్య విక్టర్‌కు,

చెల్లెలు షాలిని ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ నాన్న, అమ్మ, నేను, అమ్మ కొత్తగా కొన్న నల్లమేక అందరం కులాసా. నువ్వూ వదినా చిన్నదీ కూడా కులాసాగానే ఉన్నారని నాకు తెలుసు. ఎందుకంటే రేఖ వదిన వారానికి రెండుసార్లు నాతో ఫోనులో మాట్లాడుతుంది. ఆ సంగతి నీకు తెలియకపోతే ఇప్పుడు తెలిసింది. ఆమె మీద కోప్పడకు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి అనుకుంటావు. నా నంబరు కనబడితే నువ్వు ఫోను ఎత్తవు. మెసేజీ పెడితే తెరవవు. ఉత్తరమైతే చింపడానికైనా చేతిలోకి తీసుకోవాలి. కవరు మీద అడ్రసు నాన్న చేత రాయించాను కాబట్టి ఈపాటికి విప్పే ఉంటావు. మోసమే, ఒప్పుకుంటున్నాను. ఇక చదువు.

బెంగళూరులో మా పని ఒక దశ దాటింది. పదిరోజులు సెలవు పెట్టి వచ్చాను. ఇక్కడ పెద్ద కబురు మన గేటు గురించే. నాన్న ఇరవై ఆరేళ్ళు కాపలా కాసిన గేటు తీసేసి, పట్టాల కింద నుంచి దారి వేశారు. పోయిన నెల వానలకి ఆ దారి నిండా నడుము లోతు నీళ్ళు. దాంతో జనం మళ్ళీ పట్టాలెక్కి దాటుతున్నారు. రిటైరై నాలుగేళ్ళైన మనిషి, పొద్దున్నే విజిల్ మెడలో వేసుకుని వెళ్ళి అక్కడ నిలబడుతున్నారు. ఎందుకు నాన్నా అంటే, "గేటు తీసేసినారు గానీ బండ్లు తీసేయలేదు కదమ్మా" అన్నారు. విజిలే ఎందుకంటే నీకు తెలుసు, ఆయన గొంతు ఎప్పుడూ పీలే. బడి లేనప్పుడు ఆయన తరఫున అరిచే ఉద్యోగం నాదే కదా.

నిన్న అక్కడ నిలబడితే ఆ శనివారం గుర్తొచ్చింది. నీకు పదమూడు, నాకు తొమ్మిది. నీకు క్రికెట్టు ఆటకి ఆలస్యమైంది. గేటు వేసి ఉంది. పాసింజరు బండి విశాఖ వైపు వెళ్ళిపోగానే దారి ఖాళీ అనుకుని సైకిలుతో గేటు కింద నుంచి దూరావు. రెండో పట్టా మీద కిరండూల్ వెళ్ళే ఖాళీ గూడ్సు వస్తోంది. పాసింజరు అడ్డం వల్ల అది నీకు కనబడలేదు. నాకు కనబడింది. "ఒరే అన్నా, ఆగరా!" అని అరిచాను. ముందు చక్రం పట్టా మీద ఉండగా నువ్వు సైకిలు వదిలేసి వెనక్కి దూకావు. సైకిలు పోయింది. నువ్వు మిగిలావు. నాకు మూడు రోజులు మాట రాలేదు. నాలుగో రోజు మాట రాగానే అమ్మ అన్న మొదటి ముక్క, "ఆడపిల్లకి అంత గొంతేటే, తగ్గించు" అని. ఇది జరిగి ఇన్నేళ్ళైనా ఆమె అదే అంటోంది, నేను అదే గొంతుతో తిరుగుతున్నాను.

ఇప్పుడు నా పని సంగతి చెబుతాను. పత్రికల్లో వచ్చినంతే రాస్తున్నాను, కంగారుపడకు. నువ్వు నడిపే ఆ పాతకాలపు యుద్ధవిమానానికే మేము నాలుగేళ్ళుగా కొత్త నరాలు ఎక్కిస్తున్నాం. ముళ్ళున్న గుండ్రటి మీటర్లన్నీ పీకేసి మూడు పెద్ద తెరలు పెట్టాం. రాడారు మారింది. నువ్వు తల ఎటు తిప్పితే క్షిపణి అటు చూసే హెల్మెట్టు వచ్చింది. రెక్కల కింద వేలాడేవి కూడా మారాయి, కంటికి కనబడని దూరాన్ని కొట్టేవి. చూడటానికి వచ్చిన పెద్దలందరూ ఆ క్షిపణుల పక్కన నిలబడే ఫొటోలు దిగుతారు. లోపల మేము మార్చిన తీగల కట్టల పక్కన ఇంతవరకూ ఒక్కరూ దిగలేదు. ఆ తీగల్లో ఏది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. గొప్ప కాదు, నిజం.

అయితే ఒకటుంది. కొత్త ఆయుధాలు బరువు. ఆ బరువుతో కిందికి దూకిన విమానం మళ్ళీ పైకి లేవాలంటే మునుపటికన్నా ఎక్కువ ఎత్తు కావాలి. అంటే నీ చేతికి అలవాటైన పాత లెక్క ఈ విమానంలో చెల్లదు. అందుకే నేల దగ్గరపడితే పైలట్‌ని హెచ్చరించే ఏర్పాటు మొత్తం కొత్తగా రాశాం. ఆ పని చేసిన ముగ్గురిలో నేనొకదాన్ని. ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

పాత విమానంలో ఉత్త బజరు ఉండేది. ప్రతిదానికీ గీపెడుతోందని నువ్వు దాని సౌండు తగ్గించేశావు. 2023 జూలైలో బాంబులు వేసే సాధనలో కిందికి దిగి, విమానం పొట్టకి తుమ్మకొమ్మ అంటించుకుని తిరిగొచ్చావు. విచారణ జరిగింది, మాటపడ్డావు, మళ్ళీ ఎగిరావు. ఇంట్లో నాకొక్కదానికే చెప్పావు, అదీ నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే వదినకి చెప్పేశాను. వదిన పాపని తీసుకుని పార్వతీపురం పుట్టింటికి వెళ్ళి రెండు నెలలు రాలేదు. నీతో చెప్పేకన్నా మైకులో చెప్పుకోవడం నయం అని ఫోను పెట్టేశావు. అదే ఆఖరి మాట. ఇవాళ్టికి రెండేళ్ళ నాలుగు నెలలు.

క్షమించమని అడగడానికి రాయడం లేదు అన్నయ్యా. వదినకి చెప్పడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. అయితే ముందు నీకే చెప్పి ఉండాల్సింది, నేను వదినకి చెబుతున్నాను అని. నీ వెనక చెప్పడం తప్పు. ఆ ముక్క వరకూ క్షమించు. మిగతాదానికి నా మీద కోపంగానే ఉండు, కానీ ఉండు. నువ్వు లేకుండా పోతావేమో అన్న భయం తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు.

సరే, హెచ్చరిక దగ్గరికొద్దాం. ఈసారి బజరు బదులు మనిషి గొంతు పెట్టాలన్నారు. "పుల్ అప్", అంటే పైకి లాగు అని చెప్పే గొంతు. స్టూడియోలో పేరున్న అమ్మాయి చేత చెప్పించారు. తేనె పోసినట్టుంది. నేల మీదే కూర్చుని ఎగిరే సాధన గదిలో మా టెస్టు పైలట్ పృథ్వీరాజ్ గారు దాన్ని వింటూ మూడుసార్లు బొమ్మ విమానాన్ని నేలలో దించేశారు. బయటికొచ్చి, ఈమె నన్ను కాఫీ తాగుతారా అని అడుగుతున్నట్టుంది అన్నారు.

వేరే గొంతు వచ్చేదాకా పని ఆగకూడదని, మా ల్యాబులో పనిచేసే ఒకావిడ చేత తాత్కాలికంగా చెప్పించి పెట్టారు. పృథ్వీరాజ్ గారు మళ్ళీ ఎక్కారు. ఆ గొంతు వినగానే ఆయన చెయ్యి అర సెకను ముందు కదిలింది. మరో నలుగురు పైలట్లకీ అంతే. అర సెకను అంటే ఆ వేగంలో నూరు మీటర్ల పైమాటే. మన గేటు నుంచి చర్చి మెట్ల దాకా అనుకో.

దాని మీద పెద్ద మీటింగు జరిగింది. ఒక పెద్దాయన, ఈ గొంతులో మర్యాద లేదు, కొట్లాటకి వచ్చినట్టుంది, మార్చండి అన్నాడు. నేలకి రెండు సెకన్ల దూరంలో నాకు మర్యాద అక్కర్లేదు అన్నారు పృథ్వీరాజ్ గారు. గొంతు నిలబడింది. అదే మీటింగులో నేనూ ఒకటి పట్టుబట్టాను. మిగతా శబ్దాలన్నీ పైలట్ ఎంతైనా తగ్గించుకోవచ్చు గానీ, నేల హెచ్చరిక ఒక్కటి ఒక గీత కంటే తగ్గకూడదు అన్నాను. పైలట్లకి చిరాకు వస్తుందన్నారు. రానివ్వండి అన్నాను. అంత పట్టుదల ఎందుకని అడిగారు. లెక్కలు చూపించాను, తుమ్మకొమ్మ సంగతి చెప్పలేదు. చూశావా, నేనూ దాచగలను. చివరికి ఒప్పుకున్నారు.

మొన్న నాన్న అడిగారు, "నువ్వు సేసేది మనుషుల్ని సంపడానికా కాపాడ్డానికా అమ్మా, సక్కగా సెప్పు" అని. రెండూ ఉన్నాయి నాన్నా, ఆ విమానంలో నా వాటా మాత్రం కాపాడేదే అన్నాను. మెడలో విజిల్ సర్దుకుని, "మరైతే మన గేటు పనే" అన్నారు. బిరుదిచ్చినట్టు అనిపించింది.

డిసెంబరు ఒకటి, సోమవారం నుంచి కొత్త విమానం మీద నీ శిక్షణ మొదలని వదిన చెప్పింది. నాకు కావలసింది ఒక్కటే. ఆ గొంతు లేవగానే నీ లెక్క వేసుకోకు, ఇంకా ఎత్తుందిలే అనుకోకు. ముందు లాగు, తర్వాత తిట్టుకో. వినిపించేలా చేయడం నా పని, చేశాను. వినడం నీ ఒక్కడి చేతిలోనే ఉంది. దానికి ఏ తీగా వేయలేను.

అమ్మ నీకు ఆవపెట్టిన పనసపొట్టు కూర చేసి పెట్టాలని ఉందంటోంది. పాపకి నా ముద్దులు. వదినకి నేను విడిగా చెప్పుకుంటాను.

నీ మీద కోపం లేని, నీ కోపానికి భయమూ లేని,
నీ చెల్లెలు
షాలిని

తా.క. ఆ ల్యాబు ఆవిడ పేరు రాయకుండానే కవరు అంటించేద్దామనుకున్నాను. నీతో ఇంకేదీ దాచను. అది నేనే అన్నయ్యా. పదమూడుసార్లు చెప్పినా పాఠం అప్పజెప్పినట్టే వచ్చింది. రికార్డు చేస్తున్న నాగబాబు, మన సాలూరు వాడే, "ఎవులో సచ్చిపోతన్నట్టు అరువండి మేడం" అని విసుక్కున్నాడు. పద్నాలుగోసారి కళ్ళు మూసుకుని మన గేటు దగ్గర నిలబడ్డాను. నీ సైకిలు ముందు చక్రం పట్టా మీద ఉంది. మాటలు ఇంగ్లీషువి, అరుపు ఆ శనివారానిది. మీ అందరి విమానాల్లోనూ ఉన్నది ఆ పద్నాలుగోదే. అమ్మకి చెబితే, "ఆ గొంతు అక్కడికీ పట్టుకుపోయావేటే" అని నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకుంది. నాతో మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు. నువ్వు నేలకి దగ్గరైనప్పుడల్లా నేను మాట్లాడతాను.