చర్చికి వెనక ఎటు

అక్టోబర్ 6, సోమవారం

కెనడాలోని కేంబ్రిడ్జ్ దాటాక, కోసేసిన మొక్కజొన్న చేలో, జల్లెడ పట్టుకుని నేను. ఆర్కియాలజీలో ఎం.ఏ. అమ్మ చుట్టాలందరికీ చెప్పేది — "మావాడు కెనడాలో రీసెర్చ్." రీసెర్చ్ అంటే ఒకరు పారతో మట్టి పోస్తారు, ఒకరు ఊపుతారు. ఇవాళ ఊపింది నేను. భుజాలు రాజీనామా సమర్పించాయి. ఆమోదించలేదు.

దొరికినవి: చదరపు మేకులు, నీలం అంచు పింగాణీ పెంకులు, పొగాకు తాగే మట్టి పైపు ముక్క. ఒకప్పుడు ఇక్కడ న్యూ ఎర్లెన్ అని ఒక ఊరు. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్నారు — మిల్లు, కమ్మరి కొలిమి, చర్చి. రైలు పక్క ఊరి మీదుగా వెళ్ళింది. జనం రైలు వెంట వెళ్ళారు. చరిత్ర సమాప్తం. మిగిలింది నా నడుము.

అక్టోబర్ 8

రూత్ ఆంటీ మళ్ళీ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, మడత కుర్చీ తెచ్చుకుని కంచె అవతల కూర్చుంటుంది. ఇక్కడ ఆవిణ్ణి ఆంటీ అనేది నేనొక్కణ్ణే. "నాకు అన్నదమ్ముల్లేరే, ఈ మేనల్లుడెక్కణ్ణుంచి వచ్చాడు?" అంది మొదటిసారి. ఇప్పుడు పలుకుతోంది.

వాళ్ళ నాన్న పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయనకి లీనా అని ఒక అక్క, చిన్నపిల్లగా ఉండగానే పోయింది. చెక్క శిలువ పెట్టారట, అదెప్పుడో మట్టిలో కలిసింది. నాన్న చెప్పిన గుర్తు ఒక్కటే — చర్చి వెనకాల.

సమాధి కనబడితే ఆ మేర ఎవరూ ముట్టుకోరు. కనబడకపోతే, నేల గడ్డకట్టేలోపు "ఏమీ లేదు" అని సంతకం పెట్టి మేం వెళ్ళిపోతాం. వసంతానికి ఇక్కడ వేర్‌హౌస్ లేస్తుంది — కట్టేముందు పాత ఊరి ఆనవాళ్ళు తవ్వి చూడటమే మా పని.

"దొరుకుతుందంటావా?"

"పరిశీలనలో ఉందాంటీ." మన తహసీల్దారు ఆఫీసు జవాబు. ఎంత సహజంగా వచ్చిందో.

అక్టోబర్ 9

వాన. జల్లెడ నిండా బురద. నా నిండా కూడా.

అక్టోబర్ 14

థాంక్స్‌గివింగ్ సెలవంతా పడుకున్నా. రూమ్మేట్ సుధీర్ పక్కన కూర్చుని హితబోధ.

"ఆ చర్చి సంగతి తొందరగా తేల్చరా బాబూ. అక్కడ వేర్‌హౌస్ వస్తే ఇంటి పక్కనే డ్యూటీ. రోజూ మిస్సిసాగా వేర్‌హౌస్‌కి పోయి రావడానికే ప్రాణం పోతోంది."

"పిల్ల సమాధి ఉందేమోరా అక్కడ."

"ఉంటే పక్కకి జరిగి కట్టుకుంటార్లే. రాత్రి షిఫ్టుకి తోడుంటుంది."

నవ్వాను. వాడు తెల్లారకముందే 401 హైవే మీద ఉంటాడు. వాడిది తప్పని ఏ మొహంతో అనను?

అక్టోబర్ 20

చర్చి పునాది దొరికింది. ఎదురుగా రోడ్డుంది కాబట్టి రోడ్డు వైపు ముందు, అవతలి వైపు వెనక — మా సూపర్‌వైజర్ మేగన్ లెక్క. ఎవరమూ కాదనలేదు. అవతల పై మట్టి మెషీన్‌తో పలచగా లాగించింది. గొయ్యి తవ్వి పూడ్చిన చోట, ఎన్నేళ్ళయినా, నేల రంగు మారి ఉంటుంది. చుట్టూ పసుపు, మధ్యలో నల్లటి మచ్చ. వంగి వంగి చూశాం. అంతా పసుపే, పెళ్ళివారిల్లులాగా.

"సారీ రూత్. వెనకాల ఏమీ లేదు," అంది మేగన్.

ఆంటీ కుర్చీ మడిచింది. ఏదో ఒకటి అంటే బావుండేది.

అక్టోబర్ 27

పునాది శుభ్రం చేసే మహత్కార్యం నాది. బ్రష్షు కింద గుమ్మం రాయి బయటపడింది — తొక్కి తొక్కి నడుమ గుంట పడిన రాయి. అది అవతల, చేను చివర పారే వాగు వైపుంది. రోడ్డు వైపు కాదు.

కాసేపు అక్కడే చతికిలబడ్డా. మా ఊరికి బైపాస్ పడ్డాక ఇళ్ళన్నీ దానికి వీపు చూపిస్తూ నిలబడ్డాయి. దొడ్లు, బాత్రూములు, ఆరేసిన లుంగీలు... బస్సులో పోయేవాళ్ళకి మా ఊరంటే అదే. ఇక్కడా అంతే. ఈ రోడ్డు తర్వాతెప్పుడో వేశారు. న్యూ ఎర్లెన్ వాగు కేసి చూస్తూ బతికింది. ముందు అటు. వెనక... ఇటు. రోడ్డు వైపు.

రోడ్డు వైపు ఏముంది? మా మట్టిగుట్ట. సీజనంతా జల్లించిన మట్టి అక్కడే పోశాం, ట్రక్కుకి దగ్గరని. గుట్ట వేసేముందు దాని కింద ఏముందో చూసుకోవాలి — మొదటి సెమిస్టర్ పాఠం. పరీక్షలో చక్కగా రాశాను కూడా.

అక్టోబర్ 28

మేగన్‌కి చెప్పా. రాయి చూసింది. గుట్ట చూసింది. చల్లారిన కాఫీ చాలాసేపు తాగింది.

"రోడ్డు ఎప్పటిదో నేను చూడాల్సింది."

"గుట్ట మోసిన కూలీని నేనేగా."

"మెషీన్ మళ్ళీ అడగాలి. ఖాళీ అని చెప్పేశాం వేర్‌హౌస్ వాళ్ళకి." కొంచెం ఆగి — "రూత్‌కి ఇప్పుడే చెప్పకు. రెండోసారి కూడా లేదని చెప్పాల్సొస్తే..."

నవంబర్ 3

ఆంటీ వచ్చింది. చెప్పలేదు.

"అయిపోయిందన్నారుగా, ఇంకా ఎందుకు తవ్వుతున్నారు?"

"మాకింకో పని రాదాంటీ."

నవ్వింది. నవ్వించినందుకు నా మీద నాకే చిరాకు.

మీ వైపు సమాధులకి ఏం చేస్తారని అడిగింది. ఈస్టర్‌కి తాత సమాధికి సున్నం వేస్తాం, తెల్లవారుజామున పూలు, కొవ్వొత్తులు పట్టుకెళ్తాం అన్నా. చేతికర్రతో చేను కేసి చూపించింది.

"నాన్న ప్రతి ఏడూ ఇక్కడికొచ్చి కారు ఆపేవాడు. దిగేవాడు కాదు. ఎక్కడ నిలబడాలో తెలీక."

నవంబర్ 5

పొద్దున నేల తెల్లగా. పార కొడితే టంగుమంది. మెషీన్ శుక్రవారం ఒక్క పూట ఇస్తారట. వచ్చే వారమంతా మంచు అంటోంది ఫోను. ఒళ్ళు తెలియకుండా నిద్రొస్తోంది.

నవంబర్ 7, శుక్రవారం

గుట్ట సగం తీసి, దాని కింద పై మట్టి లాగేసరికే పూట అయిపోయింది. నేనూ మేగనూ మోకాళ్ళ మీద, తాపీలతో గీకుతూ. పసుపు. పసుపు. తర్వాత, మిగిలిన గుట్ట కిందికి దూరిపోతూ — ఒక అంచు. నల్లగా, తిన్నగా. మూరెడు కనబడుతోంది, మిగతాది లోపల.

"చెట్టు కూలిన గుంట కావచ్చు," మేగన్.

"చెట్లు స్కేలు పెట్టి కూలతాయా?"

మేగన్ ఇంకోసారి గీకింది.

మెషీన్ డ్రైవర్ తల బయటపెట్టాడు. "ఉండనా, పోనా?" ఇంకాసేపు మెషీన్ అడగడానికి మేగన్ ఫోను చెవికి పెట్టుకుని ట్రక్కు వైపు నడిచింది.

కంచె దగ్గర ఆంటీ. "ఏమిటది?"

తెలీదన్నాను. అది నిజం. ఏమీ లేదనడం మాత్రం నావల్ల కాలేదు.

హెల్మెట్ లేకుండా ఎవర్నీ లోపలికి రానివ్వకూడదు. నాది తీసి ఆవిడ తలకి పెట్టి, చెయ్యి పట్టుకుని గేటు దాటించా. అంచు దాకా వచ్చి ఆగింది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది, మేగన్ ఇంకా ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది. ఆంటీ చేతికర్ర ఆ నేల మీద ఆనించలేదు. పైకెత్తి పట్టుకుంది. బరువంతా నా మోచేతి మీదే.