మంచి కాలికీ ఫొటో

అమ్మకు,

నీ మొండి కూతురు నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ నీ అల్లుడూ కులాసా. నువ్వు నమ్మినా నమ్మకపోయినా నా మోకాలు కూడా కులాసానే. నీ ఒంట్లో ఎలా ఉందో రాయి.

"ఆ టైల్స్ పని మానేసి ఇంటికొచ్చెయ్, మన మోకాళ్ళు కష్టానికి పనికిరావు" అని రాశావు. రాను. కోప్పడకుండా మిగతాది చదువు.

మోకాలు నొప్పెడుతోందని పోయిన ఉత్తరంలో రాశాను కదా, ఎక్స్‌రే తీయించుకున్నాను. మోకాలి చిప్ప పైమూలన, బయటివైపు, చిన్న ముక్క విడిగా కనిపించింది. అది చూపించగానే మా మేస్త్రీ తల పట్టుకున్నాడు.

"విరిగిన చిప్పతో నేల పరుస్తావా? రేపు ఏదైనా అయితే నా మెడకు చుట్టుకుంటుంది. స్టోర్‌లో కూర్చుని సామాను చూసుకో" అన్నాడు.

నాకు నీ కుర్చీ గుర్తొచ్చింది. దుకాణాలకు బోర్డులు రాసేదానివి, నిచ్చెన మీంచి పడ్డాక చిప్ప రెండు ముక్కలైందని, ఇక అతకదని ఎవరో చెప్పగానే కిటికీ పక్కన ఆ కుర్చీలో కూలబడ్డావు. మళ్ళీ నిచ్చెన ముట్టుకోలేదు.

కానీ ఇక్కడి డాక్టరమ్మ రెండో కాలు కూడా చాపమంది.

"ఇది మంచి కాలండీ."

"అందుకే చాపమంటున్నా."

తీస్తే, అమ్మా, అందులోనూ అదే మూలన అదే ముక్క!

"విరగలేదమ్మాయ్. చిన్నప్పుడు ఎముక గట్టిపడేటప్పుడు కొందరికి ఆ ముక్క కలవదు. చాలామందికి ఆ సంగతే తెలియదు. అంచులు చూడు, ఎంత నున్నగా ఉన్నాయో. మరీ మడిచి ఎక్కువసేపు కూర్చుంటే తొడ కండరం దాన్ని లాగుతుంది. నీ నొప్పి అదే" అంది. తొడకు వ్యాయామం నేర్పింది.

రెండు ఫొటోలూ మేస్త్రీ ముందు పెట్టాను. "నా చిప్పలు మొదట్నించీ ఇంతే. మీ ముక్కు వంకరగా ఉందని విరిగిందంటామా?" అన్నాను. పనివాళ్ళంతా నవ్వారు. ఆయన ముక్కు తడుముకున్నాడు.

నీ దగ్గర దాచింది ఒకటుంది. నేను ఇప్పటికే మళ్ళీ పనిలోకి దిగాను. ఆ మూల ఒత్తుకోకుండా మోకాలికి కట్టుకునే మెత్తకు చిల్లు కోసుకున్నాను. ఒక వరుస పరవగానే లేచి నిలబడతాను. ఆలస్యమని మేస్త్రీ గొణుగుతాడు, గొణగనీ. నేను పరిచిన స్నానాలగదిలో చుక్క నీరు నిలవదు.

నీదీ ఇలాంటిదేనని ఒట్టేసి చెప్పలేను. పడ్డావు కాబట్టి నిజంగానే విరిగి ఉండొచ్చు. కానీ నీ మంచి కాలు ఎవరూ చూడలేదు. అదే నాకు ఒళ్ళుమంట. ఒక్క కాలు చూసి నిన్ను కుర్చీకి కట్టేశారు.

ఆసుపత్రికి వెళ్ళు. రెండు కాళ్ళకూ తీయమను. నవ్వితే నవ్వనీ. రెండూ ఒకేలా ఉంటే కబురు పెట్టు, వస్తాను. ఇంట్లో కూర్చోవడానికి కాదు, నువ్వు ఎక్కితే నిచ్చెన పట్టుకోవడానికి.

ఇట్లు,
నీ పోలికే వచ్చిన కూతురు