పోస్టులో వచ్చే చదువు నాకొద్దు

అడిలైడ్,
1975 మార్చి నెలాఖరు, శుక్రవారం మధ్యాహ్నం.

ప్రియమైన మెర్వ్‌కి,

నోలా రాస్తున్నాను. ఇక్కడ నేనూ గ్వెండా అక్కా కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, కోళ్ళూ, మీ రైలు పట్టాల గ్యాంగులో కుర్రాళ్ళూ బాగున్నారనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. కవరు విప్పగానే మన ఎడారి మైదానం దుమ్ము అక్క టేబులు గుడ్డ మీద రాలింది. ఆవిడ దులపబోతే వద్దన్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. అక్క తుంటి ఆపరేషను గాయం మానిపోయింది. చేతికర్ర పట్టుకుని వీధి చివర మాంసం కొట్టుదాకా తనే నడిచి వెళ్తోంది. వెళ్ళి కొట్టువాడితో తగువు పెట్టుకుని మరీ వస్తోంది. అంటే పూర్తిగా కోలుకున్నట్టే. కిరోసిన్ ఫ్రిజ్ పొగ చిమ్ముతోందని రాశావు. వత్తి చివర సమంగా కత్తిరించి, మంట నీలంగా వచ్చేదాకా తగ్గించు. దాన్ని తన్నకు. ఇప్పటికే తన్ని ఉంటావని తెలుసు. ఉప్పుమాంసం ముందురోజే నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో సన్నమంట మీద చాలాసేపు ఉడకనివ్వాలి. నువ్వు చేసినట్టు అరగంటలో దించేస్తే అది మాంసం కాదు, పట్టాల కింద వేసే చెక్క. పొదుగుతున్న పెట్టను కదపొద్దు, అదే లేస్తుంది.

ఇక యూనివర్సిటీ వాళ్ళు ఏం తేల్చారన్న ప్రశ్న. కోపం చల్లారాక తీరిగ్గా రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. అది చల్లారేటట్టు లేదు మెర్వ్. అందుకని కోపంతోనే రాస్తున్నాను.

పెద్ద వయసువాళ్ళ కోసం పెట్టిన ప్రవేశ పరీక్ష జనవరిలో రాశానని నీకు తెలుసు. ప్రభుత్వం యూనివర్సిటీ ఫీజులు ఎత్తేసిన దగ్గర్నుంచి నాలాంటి ఆడవాళ్ళు ఎంతమంది బయటికొస్తున్నారో! పరీక్ష హాలులో నా పక్కన ఒక నర్సు, వెనక ముగ్గురు పిల్లల తల్లి, ముందు వరసలో పాలు పోసే ఆయన. పరీక్ష పాసయ్యానని తెలిసిన రోజు అక్క చేసిన కేకు సంగతి కూడా రాశాను. ఆ తర్వాత జరిగిందే రాయలేదు.

పాసైనవాళ్ళు ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. అక్కడ హేస్లమ్ అని ఒక గుమాస్తా ఉన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, గోడలాంటివాడు.

"మీ స్కూలు సర్టిఫికెట్టేదమ్మా?" అన్నాడు.

"పధ్నాలుగో ఏట స్కూలు మానేశానండీ. సర్టిఫికెట్టు లేదు. అందుకే మీ పరీక్ష రాశాను."

"పరీక్ష సంగతి సరేనమ్మా. సర్టిఫికెట్టు కావాలి కదా."

"అదే ఉంటే మీ పరీక్ష నేనెందుకు రాస్తానండీ?"

ఆయన నావైపు జాలిగా చూసి, పైవాళ్ళని కనుక్కోవాలి, వచ్చే వారం రమ్మన్నాడు. మరుసటి వారం వెళ్తే సర్టిఫికెట్టు గొడవ తీరిపోయింది, చిరునామా గొడవ మొదలైంది. మనది రైలు కట్ట మీద మైలురాయి నంబరు కదా, అదే రాశాను. వీధి పేరు రాయమంటాడు.

"అక్కడ వీధి లేదండీ. రైలు పట్టా ఉంది. పట్టాకి ఇటు మూడిళ్ళు, అటు నీళ్ళ ట్యాంకు."

"ఏదో ఒక వీధి రాయండమ్మా. లేకపోతే ఫైలు కదలదు."

"రైలు కదిలినప్పుడు ఫైలెందుకు కదలదు?" అన్నాను గట్టిగా. వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. చివరికి నేను 'రైలు వీధి' అని రాసి ఇచ్చాను. కాబట్టి ఎప్పుడైనా ఆ పేరు మీద ఉత్తరం వస్తే అది మనదే, వెనక్కి పంపకు.

ఆ తర్వాత ఇంటర్వ్యూ. ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు మగవాళ్ళు, ఒకావిడ. చరిత్ర ఎందుకు చదవాలనుకుంటున్నావో అడుగుతారనుకుని అద్దం ముందు నిలబడి ఎంత సాధన చేశానో! వాళ్ళడిగిందేమిటో తెలుసా? "మీరు చదువులో పడితే మీ ఆయనకి వంటెవరు చేస్తారు?" అడిగినాయనవి ఇస్త్రీ చొక్కా, తెల్లటి చేతులు, ఆయన జీవితంలో పొయ్యి వెలిగించి ఉండడు.

"మా ఆయనకి యాభై దాటాయండీ, నేర్చుకుంటాడు," అన్నాను.

అప్పుడు రెండో ఆయన ఎంతో మర్యాదగా, "మిసెస్ ట్రెగెంజా, మీరున్నది మైదానం మధ్యలో. మీలాంటివాళ్ళ కోసమే పోస్టు ద్వారా చదివే ఏర్పాటు ఉంది. పాఠాలు మీ ఇంటికే వస్తాయి. సుఖంగా వంటింట్లో కూర్చునే డిగ్రీ తెచ్చుకోవచ్చు," అన్నాడు.

"నేను దరఖాస్తు పెట్టింది క్లాసులో కూర్చోవడానికండీ."

"మీ సౌకర్యం కోసమే చెప్తున్నాం."

నా సౌకర్యం నాకంటే వాళ్ళకే బాగా తెలిసినట్టు మాట్లాడారు మెర్వ్. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కళ్ళనీళ్ళు వచ్చాయి గాని ఏడవలేదు, పళ్ళు నూరుకున్నాను.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచిన మాట. ఫిబ్రవరిలోనే నాకు సీటిచ్చారు. పోస్టు ద్వారా చదివే సీటు. నువ్వు అడిగిన ప్రతిసారీ 'ఇంకా ఏమీ తేలలేదు' అని రాశాను. అది అబద్ధం. తేలింది, నేనే వద్దని తిప్పి పంపాను. నీకు చెబితే నువ్వు సంతోషంతో ఎగిరి గంతేస్తావని తెలుసు. ఇంకేముంది, నోలా ఇంటికొచ్చేస్తోంది, చదువూ దక్కింది, ఇల్లూ దక్కింది అనుకుంటావు. ఆ సంతోషం చూశాక కాదనడం నా వల్ల కాదు. అందుకే ముందు కాదనేసి, తర్వాత చెప్తున్నాను.

అక్కకి తెలిసిన రోజు చేతికర్ర నేలకేసి కొట్టింది. "ఒసే పిచ్చిదానా! బంగారంలాంటి సీటు ఇంటికొస్తానంటే తలుపేస్తావా? నలభయ్యారేళ్ళదానివి, ఆ పిల్లమూకలో కూర్చుని ఏం సాధిస్తావే? మొగుణ్ణి ఆ ఎడారిలో వదిలేసి?"

"వదిలెయ్యలేదక్కా."

"మరి దీన్నేమంటారు?"

దీన్నేమంటారో ఆవిడకి కాదు, నీకు చెప్తాను. రైల్వే లైబ్రరీ వాళ్ళు సరుకుల బండిలో పంపే పుస్తకాల పెట్టె నీకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆ పెట్టెలు ఖాళీ చేస్తూనే ఉన్నాను. పుస్తకం మూసి తలెత్తితే కిటికీలోంచి అదే మైదానం, ఒక్క చెట్టు లేదు. నేను అర్థం చేసుకున్నది తప్పో ఒప్పో ఆ మైదానం నాకు ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు పుస్తకాల పెట్టె బదులు పాఠాల కట్ట పంపుతామంటున్నారు. నాకు కావలసింది ఇంకో కట్ట కాదు. మనుషులు. నా ఎదురుగా కూర్చుని, నా నోట్లోంచి మాట ఊడిపడగానే దాన్ని పట్టుకునే మనుషులు.

అందుకని చరిత్ర శాఖ పెద్ద, డాక్టర్ పెలింగ్ గది ముందు కాపు కాశాను. ఇంటర్వ్యూలో నోరు విప్పకుండా కూర్చున్నది ఆవిడే. నన్ను చూసి నిట్టూర్చింది. "క్లాసు నిండిపోయిందమ్మా. ఎవరైనా మానేస్తే చూద్దాం. అందాకా వెనక కూర్చుని వినండి. పట్టీలో పేరుండదు, పరీక్ష ఉండదు, ఏ మాటా ఇవ్వలేను," అంది.

అలా మూడు వారాలు, పేరు లేని మనిషిలా వెళ్ళొచ్చాను. మొదటి రోజు ఒకబ్బాయి నా దగ్గరకొచ్చి, "కింద ఆడవాళ్ళ బాత్రూములో కుళాయి కారుతోందటండీ, కాస్త చూడండి," అన్నాడు. ఊడ్చేవాళ్ళలో ఒకతెననుకున్నాడు. ఇంకో రోజు ఒకమ్మాయి, "మీవాడు ఏ సంవత్సరం ఆంటీ?" అంది. చిన్న కుర్చీకి అతికించిన రాతబల్లలో నా ఒళ్ళు పట్టదు. లేచేటప్పుడు కుర్చీ కూడా లేస్తుంది. ఇలాంటివి జరిగిన రోజు అక్క చెప్పిందే నిజమేమో అనిపించేది. మర్నాడు పొద్దున్న మళ్ళీ బస్సెక్కేదాన్ని.

పోయిన బుధవారం చిన్న గదిలో చర్చ. ఫ్రెంచి విప్లవంలో పారిస్ ఆడవాళ్ళు రాజుగారి కోట మీదికి ఊరేగింపుగా వెళ్ళిన కథ. నాకు బాగా తెలిసిన సంగతి, రెండు పుస్తకాల్లో చదివాను. మొదటిసారి నోరు విప్పాను. రొట్టె లేక, ఆకలికి తట్టుకోలేక వెళ్ళారు, అంతే కదా అన్నాను. ఎదురుగా లొరెడానా అని ఇటాలియన్ల పిల్ల, పద్దెనిమిదేళ్ళుంటాయి, పళ్ళ కొట్టువాళ్ళ అమ్మాయి.

"కాదండీ, మీరు చెప్పింది తప్పు," అంది మొహం మీదే. "ఆకలి వాళ్ళకి కొత్తా? ఏటా ఉన్నదే. మరి ఆ ఏడాదే ఎందుకు బయల్దేరారు?"

గదంతా నావైపు చూసింది. చెవులు వేడెక్కిపోయాయి. ఇరవై ఏళ్ళలో నేను చదివినదాని గురించి నాకు ఎవరైనా 'తప్పు' అని చెప్పడం అదే మొదటిసారి. బస్సులో దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచాను. ఆ పిల్ల ప్రశ్న దారంతా నాకు నేను వేసుకుంటూనే ఉన్నాను. నోలా, నీ ఆకలి కొత్తదా? మరి ఈ ఏడాదే ఎందుకు బయల్దేరావు? ఇంకా ఆలోచిస్తున్నాను.

నిన్న డాక్టర్ పెలింగ్ పిలిచింది. ఒక కుర్రాడు రొయ్యల పడవ మీద పని దొరికిందని చదువు మానేశాడట. ఆ సీటు నాకిచ్చారు. హేస్లమ్ పట్టీలో నా పేరు ఎక్కిస్తూ, "వీధి పేరు?" అన్నాడు తలెత్తకుండా. నేను అక్క వీధి పేరు చెప్పాను.

ఈ డిగ్రీకి మూడేళ్ళు మెర్వ్. సెలవులకి వస్తాను, మే నెలలో మొదటిసారి. నువ్వు పని వదిలేసి ఇక్కడికి రావాలని అడగను. రావద్దనీ అనను. ఈ నగరం రైలు యార్డులో కూడా పట్టాలు వంకరపోతూనే ఉంటాయట, సరిచేసేవాళ్ళు కావాలట, అక్క పొరుగాయన చెప్పాడు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. పెళ్ళయిన నాటినుంచి నేనేది చెప్పినా నువ్వు "సరేలే నోలా" అని బూట్లు తొడుక్కుని పనిలోకి వెళ్ళిపోతావు. పాపం నీది మంచితనమే, నాకు తెలుసు. కానీ ఈ ఉత్తరానికి ఆ మాట మాత్రం రాయకు. కోపమొస్తే కోపమొచ్చిందని రాయి. ఒంటరిగా ఉండలేనంటే ఉండలేనని రాయి. నేను చేసింది తప్పయితే, ఎక్కడ తప్పో చూపించు. పేజీలు పేజీలు రాయి. నేను ప్రతి మాటకీ జవాబిస్తాను.

ఇట్లు,
నీతో పోట్లాటకి కాగితం, కలం సిద్ధం చేసుకుని కూర్చున్న
నీ భార్య
నోలా