నడిమి రాయికి పడమట

దక్షిణ డకోటా, మెరక ఇల్లు
2025 నవంబరు 6, గురువారం

తమ్ముడు లోవెల్‌కు,

దేవుడు నిన్నూ నీ ఇంటినీ చల్లగా చూడాలని కోరుతూ అక్క బెర్నడెట్ రాయడం.

ఇక్కడ నేను క్షేమం. నువ్వు క్షేమమేనని రోజూ పొద్దున్నే నీ ట్రాక్టరు చప్పుడు చెబుతోంది కనుక అడగడం లేదు. హారల్డ్ ముసలాయన తన భూమిని నీకు కాక నాకు అమ్మి పదకొండేళ్లయింది. అప్పటి నుంచి నువ్వు నాతో మాట్లాడలేదు. ఇది సంధి కోసం రాస్తున్న ఉత్తరం కాదు. కంచె కోసం రాస్తున్నాను.

మొన్న వసంతంలో గొర్రెలు కొని, మన మధ్య కంచెలో పడమటి సగానికి జాలీ బిగించావు. నేల నుంచి నడుము ఎత్తు దాకా, గొర్రెపిల్ల కూడా దూరకుండా. నీ సగం, నీ జాలీ అనుకుని ఊరుకున్నాను. అది జింకలు దిగే కాలం కాదు.

ఇప్పుడు ఆ కాలం వచ్చింది. సోమవారం తెల్లవారాక మెరక మీద ట్రక్కు ఆపి చూస్తూ కూర్చున్నాను. మా అక్కకి జపమాల పూసలు చాలక జింకల్ని కూడా లెక్కెడుతోందిరా అని దాణా కొట్లో అన్నావట. అందరూ నవ్వారట. లెక్క చెబుతాను, మళ్లీ నవ్వుకోండి. అరవై ఒకటి.

మంచు పడకముందే దక్షిణానికి పోవాలని, ఎప్పుడూ వచ్చే దారినే వచ్చాయి. నా బైసన్ల మధ్య నుంచే నడిచాయి. బైసన్లు మేత మీంచి తల ఎత్తలేదు. గడ్డాల దున్నలంటావు నువ్వు. ఆ దున్నలు తలతో మంచు తవ్విన చోటే ఈ జింకలు ముందరి చలికాలాలన్నీ గడ్డి తిని బతికాయి.

వాగు మలుపు దగ్గర కంచె చూసి ఆగిపోయాయి. ఇవి గుర్రాన్ని మించి పరిగెత్తుతాయి గాని కంచె దూకవు, కింద నుంచి పాకుతాయి. ఇది నీకు నేను చెప్పనక్కరలేదు. నాన్న నీకు చెబుతుంటే పక్కనుండి విన్నాను. అందుకే తూర్పు సగంలో కింది తీగను ముళ్లు లేనిది వేసి మూరెడు ఎత్తున ఉంచాను. నీ జాలీ కింద బెత్తెడు సందు లేదు.

రెండు రోజులు జాలీ వెంబడి పైకీ కిందికీ తిరిగాయి. పందొమ్మిది మాత్రం తూర్పు సగం దాకా వెళ్లి పాకి దాటాయి. మిగతావి మళ్లీ వాగు దగ్గరికే చేరాయి. తల్లి చూపిన దారి అవి అంత సులువుగా వదలవు.

మంగళవారం ఈ ఏటి పిల్ల ఒకటి జాలీ కంతలో తల దూర్చింది. బైసన్లను చూడడానికి మిన్నియాపొలిస్ నుంచి వచ్చిన ముసలి దంపతులు నా పక్కనే ఉన్నారు. ఏదో ఒకటి చెయ్యమ్మా అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మెరక దిగి వెళ్లేసరికి అయిపోయింది. మెడ విడిపించి గడ్డిలో పడుకోబెట్టాను.

కాసేపటికి బైసన్ మంద అటు వచ్చింది. మందను నడిపించే ముసలి ఆవు పిల్లను వాసన చూసి, జాలీకి నుదురు ఆనించింది. రాటలు కిర్రుమన్నాయి. ఇంకొక్క నెట్టు నెడితే పడిపోయేది. నేనే ట్రక్కు అడ్డం పెట్టి మందను మళ్లించాను. ఎందుకంటే అది నీ కంచె.

నిన్న నీ గేటు దాకా వచ్చాను. మరదలు జోలీన్ గేటు తియ్యలేదు. ఏంటి వదినా, దారి తప్పావా అని అడిగింది. చెప్పాను. మా గొర్రెపిల్లల్ని కొయోటీ నక్కలు ఎత్తుకుపోతే నువ్వు ప్రార్థన చేసి తెచ్చిస్తావా అంది. తూర్పు సగం నీదేగా, తలుపులు బార్లా తీసే ఉంచావుగా, అటు పొమ్మని చెప్పు నీ జింకలకి, నీ మాట దేవుడే వింటాడంట, అవి వినవా అంది.

నువ్వు కొట్టం లోపలే ఉన్నావు. ముఖం చూపించకుండా అరిచావు. నాన్న, హారల్డ్ కంచె మధ్యలో ఆ నడిమి రాయి దగ్గర ఎదురెదురుగా నిలబడి, ఎవరి కుడిచేతి వైపు సగం వాళ్లు బాగుచేసుకోవాలని చేతులు కలిపారు, నా సగంలో నా ఇష్టం, ఆవిడని పొమ్మను జోలీన్ అని. అక్క అని కూడా అనలేదు. ఆవిడ అన్నావు.

సరే. ఆ మాట మీదే నిలబడి నేనూ రాస్తున్నాను. శనివారం నుంచి మంచు తుఫాను అంటున్నారు. ఇంకా నలభై ఒకటి ఇవతలే ఉన్నాయి. గాలికి కొట్టుకొచ్చి నీ జాలీ మూలన ఒకదాని మీద ఒకటి పడి చస్తాయి. రేపు సాయంత్రంలోగా వాగు మలుపు దగ్గర రెండు వందల గజాలు జాలీ విప్పు. విప్పకపోతే, ఆ పిల్ల రక్తంతో పాటు ఆ నలభై ఒకటి రక్తమూ నీ సగంలోనే, నీ తల మీదే.

నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. ఈ వారం అది నాకు కష్టంగా ఉంది.

నీ తోడబుట్టిన
బెర్నడెట్

తా.క. కవరు అంటించే ముందు నడిమి రాయి దగ్గరికి వెళ్లాను, చచ్చిన పిల్లకూ మిగిలిన వాటికీ ప్రార్థన చేద్దామని. దక్షిణాన ఉన్న నీ భూమి వైపు తిరిగి నిలబడి, శిలువ గుర్తు వేసుకోవడానికి చెయ్యెత్తి ఆగిపోయాను. నా కుడిచెయ్యి పడమటి వైపు ఉంది.

నాన్న నిలబడింది ఇప్పుడు నువ్వున్న వైపు. అక్కడి నుంచి చూస్తే కుడి తూర్పు. తొమ్మిదో ఏట నుంచి మేకుల డబ్బా పట్టుకుని ఆయన వెంట తూర్పు సగమే తిరిగాను గనుక, హారల్డ్ భూమికి వచ్చాక కూడా ఆలోచించకుండా అదే బాగుచేశాను. నేనిప్పుడున్నది హారల్డ్ వైపు. తూర్పు నీది, పడమర నాది. ఆ మొదటి ఏడు నీ తూర్పు సగం ముందే బాగై ఉండడం చూసి నువ్వు మాట్లాడకుండా పడమటికి వెళ్లావు. తెలిసి వెళ్లావో, తెలియక వెళ్లావో నేను చెప్పలేను.

పైన రాసింది కొట్టెయ్యడం లేదు, అలాగే చదువు. రక్తం మాట మాత్రం నా మీద వేసుకుంటున్నాను. ఆ పిల్ల చచ్చింది నా సగంలో. నేను చూస్తూ కూర్చున్నాను.

రేపు పొద్దున ఆ రెండు వందల గజాలు నేనే విప్పుతాను. నిన్ను అడగనక్కరలేదు. చుట్టలు చుట్టి నీ గేటు దగ్గర దింపుతాను. ఈ ఉత్తరం ఇప్పుడే నీ పెట్టెలో వేస్తున్నాను కనుక, గొర్రెలను ఈ సాయంత్రమే లోపలి దొడ్డికి తోలుకో. తూర్పు సగం ఇకనుంచి నీది. అక్కడ జాలీ బిగించాలన్నా నీకు హక్కుంది, నేను ఆపలేను. ఈ సంగతి దాచి ఉంటే జింకలకు మేలయ్యేది. దాచలేకపోయాను.

ఎనిమిదింటికి రాయి దగ్గర ఉంటాను. మాట్లాడనక్కరలేదు. వచ్చి నాకు ఎదురుగా నిలబడు. ఎవరి సగం ఏదో ఒక్కళ్లు నిలబడితే తేలదు.